కంటికి ఆనే కొవ్వు, కాలేయంలో దాగే కొవ్వు

2004లో లాన్సెట్ వైద్యపత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటోతో ఒక చిన్న రచన వచ్చింది. ఒకరు పుణెలోని కేఈఎం ఆసుపత్రి పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్. రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే బీఎంఐ అనే లెక్క ఇద్దరికీ 22.3. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఇద్దరికీ "బరువు సరిగ్గానే ఉంది" అనే చెబుతారు. కానీ ఒంట్లో కొవ్వు ఎంతుందో కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం అని తేలింది. పక్కపక్కన నిలబెట్టి చూసినా, తూకం వేసినా బయటపడని తేడా అది.

ఊబకాయం మీద మన ఇళ్లలోనూ టీవీల్లోనూ సాగే మాటలన్నీ ఈ ఫోటోను ఎరగనట్టే సాగుతాయి. మనిషి ఎదురుపడగానే కళ్లతోనే తూచి, లావుగా ఉంటే రోగి అనీ సన్నగా ఉంటే ఆరోగ్యవంతుడనీ తేల్చేస్తాం. నిజానికి కంటికి ఆనే కొవ్వూ జబ్బు తెచ్చే కొవ్వూ చాలామందిలో వేర్వేరు చోట్ల ఉంటాయి. ఆ సంగతి పట్టించుకోకపోవడం వల్ల, మాట పడాల్సిన అవసరం లేనివాళ్లు రోజూ మాట పడుతున్నారు. హెచ్చరిక అందాల్సినవాళ్లు మాత్రం "నీకేం, సన్నగా ఉన్నావు" అన్న భరోసాతో ఇంటికి వెళ్తున్నారు.

తిన్నదానిలో ఖర్చు కాగా మిగిలిన శక్తిని శరీరం కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. అందుకు అది మొదట ఎంచుకునే చోటు చర్మం కింద, అంటే తొడలు, పిరుదులు, చేతులు, నడుము. అక్కడ ఉన్నంతవరకు ఆ కొవ్వు రక్తాన్ని పెద్దగా పాడు చేయదు. గాదెలో చోటున్నంతకాలం ధాన్యం గాదెలోనే ఉంటుంది. అది నిండాక బస్తాలు వసారాలోకి, తర్వాత వంటింట్లోకి, చివరికి పడక గదిలోకీ వస్తాయి. అలాగే చర్మం కింద చోటు చాలనప్పుడు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో, కండరాల్లో చేరుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ ఆజ్ఞను లెక్క చేయదు. అక్కర్లేకపోయినా రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. క్లోమంలో చేరిన కొవ్వు ఇన్సులిన్ తయారుచేసే కణాలను నీరసింపజేస్తుంది. షుగరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు), ఫ్యాటీ లివర్ తరచూ ఒకే మనిషిలో కనిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

గాదె అందరికీ ఒకే కొలతలో ఉండదు. ఒకరు వంద కిలోలు దాటినా రక్తపరీక్షలు నిక్షేపంగా ఉంటాయి. ఇంకొకరికి 66 కిలోలకే షుగరు వస్తుంది. బ్రిటన్‌లో మధుమేహం మీద చాలాకాలంగా పనిచేస్తున్న రాయ్ టేలర్, ప్రతి మనిషికీ తనదైన కొవ్వు హద్దు ఒకటుంటుందని, దాన్ని దాటినప్పుడే జబ్బు మొదలవుతుందని ప్రతిపాదించారు. ఈ వాదనకు బలమైన సాక్ష్యం లిపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బు. అది ఉన్నవాళ్లకు చర్మం కింద కొవ్వు దాదాపుగా ఉండదు. ఎముకల మీద కండలు తేరి కనిపిస్తాయి. చూసినవాళ్లు వ్యాయామం చేసి తీర్చిదిద్దుకున్న ఒళ్లనుకుంటారు. కానీ వాళ్లలో షుగరు, ఫ్యాటీ లివర్ తీవ్రంగా ఉంటాయి, ఎందుకంటే వచ్చిన కొవ్వు నిలవడానికి సరైన చోటే లేదు. జపాన్ సుమో మల్లయోధుల్లో ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. అంత భారీ శరీరంలోనూ, సాధన చేస్తున్నంతకాలం, కొవ్వులో ఎక్కువ భాగం చర్మం కిందే ఉంటుంది.

మరి బీఎంఐ సంగతి? ఈ లెక్కను కనిపెట్టింది వైద్యుడు కాదు. 1830లలో బెల్జియం ఖగోళ, గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే జనాభాలో "సగటు మనిషి" ఎలా ఉంటాడో తెలుసుకోవాలని, బరువును ఎత్తు వర్గంతో భాగించి చూశాడు. ఎవరికీ చికిత్స చేసే ఉద్దేశం ఆయనకు లేదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాక బీమా కంపెనీలకూ ఆసుపత్రులకూ పాకింది. హద్దులు కూడా కాలాన్ని బట్టి మారాయి. అమెరికాలో అధిక బరువు గీత 1998 వరకు మగవాళ్లకు 27.8, ఆడవాళ్లకు 27.3. ఆ ఏడాది దాన్ని 25కు దించారు. ఒంట్లో గ్రాము పెరగకుండానే కోట్లమంది అధిక బరువు జాబితాలోకి వచ్చారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా ప్రజలకు 23 నుంచే జాగ్రత్త అవసరమన్నారు. 2009లో భారతీయ వైద్యులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని ఏకాభిప్రాయానికి వచ్చారు. జనాభా మొత్తాన్ని చూడటానికి ఈ కొలత పనికొస్తుంది, అందులో సందేహం లేదు. ఎదురుగా కూర్చున్న ఒక మనిషి కాలేయం గురించి మాత్రం అది చెప్పేది తక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ తేడా అంకెల రూపంలో కనిపిస్తుంది. దేశంలో బీఎంఐ 25 దాటిన మహిళలు 24 శాతం. కానీ అదే సర్వేలో నడుము, తుంటి కొలతల నిష్పత్తి ప్రమాదకరంగా ఉన్న మహిళలు 56.7 శాతం. అంటే తూకం యంత్రం "ఫరవాలేదు" అన్నవాళ్లలో చాలామందికి టేపు అలా చెప్పలేదు. మన రాష్ట్రాల్లో తూకం కూడా ఊరటనివ్వదు. బీఎంఐ 25 దాటిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఆ పక్కనే ఉండాల్సినంత బరువు లేని మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 14.8 శాతం, తెలంగాణలో 18.8 శాతం ఉన్నారు. రక్తహీనత రెండు చోట్లా సగానికి పైగా మహిళల్లో ఉంది. లావు అంటే తిండి ఎక్కువై అని అనుకోవడం మన అలవాటు. ఈ అంకెలను కలిపి చదివితే తిండి ఎక్కువా, పోషణ తక్కువా ఒకే ఇంట్లో, కొన్నిసార్లు ఒకే ఒంట్లో కనిపిస్తాయి. మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యం, అరకొర పప్పు, నూనెలో వేగిన చిరుతిండి ఉన్న పళ్లెంలో శక్తికి లోటు లేదు. కండకు కావలసిన మాంసకృత్తులూ రక్తానికి కావలసిన ఇనుమూ మాత్రం చాలవు.

మన గాదె ఎందుకు చిన్నదైందన్న ప్రశ్నకు యాజ్ఞిక్ బృందం జవాబు వెతికింది పసిపిల్లల్లో. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టినవాళ్లది సుమారు 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి. కానీ కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి కడుపులో చాలీచాలని పోషణతో పెరిగే బిడ్డ కండను వదులుకుని కొవ్వును కాపాడుకుంటుందని వాళ్లు వివరించారు. అలాంటి ఒంటికి పెద్దయ్యాక పుష్కలంగా అన్నం, కూర్చుని చేసే ఉద్యోగం దొరికితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇన్సులిన్ ఆజ్ఞ మీద గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని వాడుకునేది కండరమే. అది తక్కువగా ఉన్నప్పుడు మిగులు ఎక్కువ, మిగులుకు చోటు తక్కువ.

ఇదే విషయం మీద హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనూ పని జరిగింది. దాని గురించి మనవాళ్లకే అంతగా తెలియకపోవడం విచిత్రం. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ 29 పల్లెలను ఎంచుకుంది. పదిహేనింట్లో గర్భిణులకూ పసిపిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా రోజూ అదనపు ఆహారం అందింది, తక్కిన పద్నాలుగింట్లో అందలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు. ఒంట్లో కొవ్వు శాతంలో పెద్ద తేడా లేదు. కానీ ఇన్సులిన్‌ను లెక్క చేయని గుణం వాళ్లలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిరుసుతనం కూడా తక్కువే. రెండు రకాల ఊళ్ల పిల్లలనూ వరుసగా నిలబెడితే ఎవరు ఏ ఊరివాళ్లో చెప్పడం ఎవరి తరమూ కాదు. చిన్నప్పుడు దొరికిన ఒక పూట తిండి అద్దంలో కనిపించకుండా రక్తంలో కనిపించింది. నలభై ఏళ్లకు షుగరు తెచ్చుకున్న మనిషిని "నోరు కట్టుకోలేదు" అని తిట్టేముందు, ఆ మనిషి తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నదో కూడా అడగాలి.

అడగం కదా. మనకు చూడటమే అలవాటు. చుట్టాలింట్లో అడుగు పెట్టగానే "ఒళ్లు చేశావే" అనో "అంతలా చిక్కిపోయావేమిటి" అనో పలకరింపు మొదలవుతుంది. అందులో ప్రేమ లేదని అనను. కానీ ఆ ప్రేమ ఆడపిల్ల విషయానికి వచ్చేసరికి లెక్కల్లోకి దిగుతుంది. పెళ్లి ప్రకటనల్లో "సన్నగా, పొడవుగా" అన్న మాటలు చదువు, ఉద్యోగాలతో పాటే ఉంటాయి. సినిమాల్లో లావుపాటి మనిషి ఉన్నాడంటే చాలావరకు నవ్వించడానికే. అతను కుర్చీలో కూర్చుంటే అది విరగాలి. బడిలో ఆ జోకులను మోసేది పదేళ్ల పిల్లలు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా అసంబద్ధంగా తోచే విషయం ఒకటుంది. ప్రసవం తర్వాత తొడలు, పిరుదులు నిండిన స్త్రీని ఇంటిల్లిపాదీ హెచ్చరిస్తారు. సన్నటి కాళ్లు చేతుల మధ్య బొజ్జ పెంచుకున్న మగవాణ్ణి చూసి "సుఖపడ్డ ఒళ్లు" అని నవ్వి వదిలేస్తారు. వైద్యం చెప్పేది ఇందుకు పూర్తిగా తలకిందులు. తొడల్లోని కొవ్వు దాదాపు భద్రంగా దాచిన కొవ్వు. నెలసరి ఆగేవరకు స్త్రీ శరీరం కొవ్వును ఎక్కువగా అక్కడే దాస్తుంది. మగవాడి గట్టి బొజ్జ పేగుల చుట్టూ చేరిన కొవ్వు, గుండెకూ కాలేయానికీ బెడద తెచ్చేది అదే. ఆ బొజ్జ మీద చెయ్యి వేసుకుని భార్యను నడకకు వెళ్లమని సలహా ఇచ్చే పెద్దమనుషులు మనకు కొదవ లేరు.

శరీరం ఎలా ఉండాలన్న ఊహ ఎంత త్వరగా మారుతుందో ఫిజీ దీవుల్లో జరిగిన అధ్యయనం చూపించింది. నిండైన ఒళ్లును అందంగా భావించే ఆ సమాజంలోని ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన ఆన్ బెకర్ బృందం అప్పుడూ, మూడేళ్ల తర్వాతా కౌమార బాలికలను ప్రశ్నించింది. తిండితో సంబంధం దెబ్బతిన్నట్టు సూచించే స్కోరు వచ్చినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. సన్నబడటానికి వాంతి చేసుకుంటున్నామన్నవాళ్లు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్లకు 11.3 శాతం. అప్పటికి వాళ్ల చేతుల్లో ఫోన్లు లేవు, ముఖాన్ని కోలగా మార్చే ఫిల్టర్లు లేవు.

నాలుగు మాటలంటే రోషం వచ్చి తగ్గుతారని కొందరి నమ్మకం. జరిగేది వేరు. అమెరికాలో ఆరు వేల మందికి పైగా పెద్దవాళ్లను నాలుగేళ్ల పాటు గమనించిన అధ్యయనం 2013లో వెలువడింది. బరువు కారణంగా వివక్ష ఎదుర్కొన్నామని చెప్పినవాళ్లు, అప్పటికి ఊబకాయులు కాకపోయినా, తర్వాత ఊబకాయులయ్యే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అవమానం ఒత్తిడిని పెంచుతుంది. ఒత్తిడిలో తీపి, నూనె మీదికి మనసు పోతుంది. నలుగురిలో పరుగెత్తడానికి, ఈతకొలనులో దిగడానికి సిగ్గేస్తుంది. ఆసుపత్రి గడప కూడా ఎక్కబుద్ధి కాదు, ఎందుకంటే మోకాలి నొప్పి అన్నా నెలసరి రాలేదన్నా మొదటి జవాబు "ముందు బరువు తగ్గండి". అండాశయాల్లో హార్మోన్లు గతి తప్పే పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలకు ఈ మాట బాగా తెలుసు. ఆ సమస్యలో ఇన్సులిన్ పని తప్పడం వల్ల బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఇన్సులిన్ మరింత పని తప్పుతుంది. ఆ వలయంలో చిక్కుకున్న మనిషికి బద్ధకస్తురాలన్న పేరు కూడా వస్తుంది. సన్నగా ఉన్న అమ్మాయికి అదే పీసీఓఎస్ ఉంటే ఎవరూ అనుమానించరు.

సంకల్పబలం లేకనే తగ్గలేదన్న వాదననూ పరీక్షించి చూశారు. బీఎంఐకి పేరు పెట్టిన ఆన్సెల్ కీస్ అంతకు చాలాముందు, 1944-45లో, మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు దాదాపు సగం తిండే పెట్టాడు. వాళ్లు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు, మనోబలానికి కొదవ లేదు. అయినా పగలూ రాత్రీ తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. చలికి తట్టుకోలేకపోయారు, ఒళ్లు తాను ఖర్చు చేసే శక్తినే తగ్గించుకుంది. అమెరికా టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. పోయిన బరువులో చాలాభాగం తిరిగొచ్చినా, వాళ్ల శరీరాలు విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసే శక్తి ఉండాల్సినదానికన్నా సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. 2018 ప్రాంతంలో కొబ్బరినూనె తాగే డైట్ మన రెండు రాష్ట్రాలనూ ఊపేసినప్పుడు నెలలో పది కిలోలు తగ్గిన ఫోటోలు ఎన్నో చూశాం. ఆరేళ్ల తర్వాతి ఫోటోలు ఎవరూ పెట్టలేదు.

ఇంత చెప్పానని లావు వల్ల నష్టమే లేదనే వాదనతో నేను ఏకీభవించను. ఎలాంటి శరీరమైనా సమానంగా గౌరవించాలన్న ఉద్యమం మర్యాద విషయంలో నూటికి నూరుపాళ్లూ సరైనది. వైద్యం విషయంలో కొందరు దాన్ని అతిగా సాగదీశారు. మోకాళ్లకు కొవ్వు ఏ రకమో తెలియదు, మోసేది వాటికి తప్పదు. మెడ చుట్టూ చేరిన కొవ్వు నిద్రలో ఊపిరిని అడ్డుకుంటుంది. అధిక కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉన్నట్టు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో నిర్ధారించింది. అందుకే 2025లో లాన్సెట్ కమిషన్ సూచించిన విభజన నాకు నచ్చింది. అధిక కొవ్వు వల్ల అవయవాల పని ఇప్పటికే దెబ్బతింటే దాన్ని జబ్బుగా చూడాలి. కొవ్వున్నా అవయవాలు బాగున్నవాళ్లను జబ్బుకు ముందు దశలో ఉన్నవాళ్లుగా చూసి గమనిస్తూ ఉండాలి. ఎవరు ఏ గడిలో ఉన్నారో తేల్చడానికి బీఎంఐ ఒక్కటీ చాలదని ఆ కమిషన్ స్పష్టంగా చెప్పింది.

అద్దం కోసం చేసే పని కాలేయానికి అందదనడానికి లైపోసక్షన్ కన్నా మంచి రుజువు లేదు. 2004లో అమెరికాలో 15 మంది ఊబకాయ స్త్రీల పొట్ట చర్మం కింద నుంచి ఒక్కొక్కరికీ పది కిలోలకు దగ్గరగా కొవ్వు లాగేశారు. ఆకారం మారింది, బరువు తగ్గింది. పది, పన్నెండు వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరు, బీపీ, కొలెస్ట్రాల్ ఏవీ బాగుపడలేదు. తీసింది కంటికి ఆనే కొవ్వు మాత్రమే.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది, దానికి టేపు చాలు. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. ప్యాంటు కట్టుకునే చోట కొలిస్తే బొజ్జ తప్పించుకుంటుంది, టైలరు కొలతను నమ్ముకోకూడదు. భారతీయ మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే, తూకం ఏమన్నా సరే, షుగరు, కొవ్వులు, కాలేయం పరీక్షలు చేయించుకోవాలి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల మంది, దాని అంచున ఉన్నవాళ్లు 13 కోట్ల పైనే. వీళ్లందరూ లావుగా కనిపిస్తారనుకుంటే పొరపాటు.

ఇప్పుడు బరువు తగ్గించే సూదిమందుల కాలం వచ్చింది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ భారత్‌లోకి అడుగుపెట్టాయి. వెగోవీలోని సెమాగ్లూటైడ్‌పై పేటెంటు ఇక్కడ 2026 మార్చి వరకే. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు చవక రకాలకు సిద్ధమయ్యాయి. మందు పనిచేస్తుంది. పెద్ద పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గింది. ఆపేసినవాళ్లకు ఏడాదిలో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. తగ్గిన బరువులో కండ వాటా కూడా తక్కువేమీ కాదు. పుట్టుకతోనే కండ తక్కువగా ఉన్న మన ఒళ్లకు ఇది చిన్న విషయం కాదు, తగిన మాంసకృత్తులు, బరువులెత్తే వ్యాయామం లేకుండా ఈ మందు వాడటం ప్రమాదం.

బరువు తగ్గించడానికి ఈ మందును బీఎంఐ 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి వేరే జబ్బున్నవాళ్లకు రాస్తారు. బీపీ ఉన్న, బీఎంఐ 28 ఉన్న మనిషికి అర్హత ఉంది. బీఎంఐ 24 ఉండి, కాలేయం నిండా కొవ్వు పట్టి, షుగరు ఇంకా బయటపడని మనిషికి లేదు. అతన్ని ఆ గీత కూడా ఆరోగ్యవంతుల్లోనే లెక్కేస్తుంది. అతనికి వేరే దారి లేదనుకోనక్కర్లేదు. షుగరు వచ్చినా లావు లేని ఇరవై మంది మీద రాయ్ టేలర్ బృందం చేసిన చిన్న అధ్యయనం 2023లో వెలువడింది. వాళ్ల సగటు బీఎంఐ 24.8. ఆహారం తగ్గించి ఒక్కొక్కరూ పదో వంతు దాకా బరువు తగ్గితే, ఇరవై మందిలో 14 మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. కాలేయంలోనూ క్లోమంలోనూ కొవ్వు తగ్గినట్టు స్కానింగులో కనిపించింది.